పిల్లి పదేపదే కక్కుతుంటే: కారణం తెలుసుకోవడం

వాంతి వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. కాబట్టి మందు కంటే ముందు, జరిగిందేమిటో గమనించాలి. పొట్ట ఎగసిపడుతూ, డోకుతూ, సగం అరిగిన తిండినో పసుపు పచ్చని పైత్యాన్నో కక్కితే అది వాంతి. తిన్న వెంటనే, ప్రయాస లేకుండా, అరగని ముద్ద బయటపడితే అది వాంతి కాదు. ఆత్రంగా తినడమో, అన్నవాహికలో లోపమో దానికి కారణం కావచ్చు. ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండ పడితే కంగారు అక్కర్లేదు. వారం వారం కక్కుతుంటే మాత్రం పరీక్ష చేయించాలి.

మన ఇళ్లలో ఎక్కువమంది అనుమానించనిది పూలదండ దారం. పిల్లి నాలుక మీది సన్నని ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి. అందువల్ల నోట్లో పడిన దారాన్ని ఉమ్మలేక మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక అడుగున చిక్కుకుంటే, పేగు ఆ దారం మీద కుచ్చిళ్లలా ముడుచుకుంటుంది. దారం ఒరుసుకుని పేగుకు చిల్లు పడవచ్చు. కొస నోట్లో కనిపించినా, మలద్వారం దగ్గర వేలాడినా లాగకండి. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

వయసు మళ్లిన పిల్లి నీళ్లు ఎక్కువగా తాగుతూ, చిక్కిపోతూ కక్కుతుంటే మూత్రపిండాలు, థైరాయిడ్, మధుమేహం పరీక్షించాలి. "ముసలిదైంది కదా" అని వదిలేయడం పొరపాటని నా అభిప్రాయం.

ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం ఇవ్వకండి. ఆ మందును విషరహితంగా మార్చే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.