పుస్తకం మూసి చేసే పునశ్చరణ

పదో తరగతి జీవశాస్త్రంలో నెఫ్రాన్ బొమ్మను నాలుగుసార్లు చూసిన విద్యార్థికి అది వచ్చేసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద గీయమనండి. బౌమన్ గుళిక దాకా చకచకా వస్తుంది. ఆ తర్వాత హెన్లీ శిక్యం ముందా, సమీపస్థ సంవళిత నాళం ముందా అని పెన్సిల్ ఆగిపోతుంది. కళ్లకు అలవాటైన పేజీని మనం నేర్చుకున్న పాఠంగా పొరబడతాం.

ఈ పొరపాటు ఎంత ఖరీదైనదో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. కాలేజీ విద్యార్థుల చేత ఒక చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివించారు. మరో వ్యాసాన్ని ఒక్కసారే చదివించి, చూడకుండా గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినదే బాగా గుర్తుంది: 81 శాతం, రాసినది 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినది 42 శాతానికి పడిపోయింది, రాసినది 56 దగ్గర నిలిచింది. పరీక్ష ముందు రాత్రి తిరగేసి చదివితే కలిగే ధీమా ఆ మొదటి అయిదు నిమిషాల ధీమాయే.

ఇక ఒక పునశ్చరణకూ మరో పునశ్చరణకూ మధ్య ఎడం సంగతి. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, 1885లో ఫలితాలు ప్రచురించాడు. అలాంటి 12 గుంపుల వరసను పరీక్షించుకునే ముందురోజు 68 సార్లు వల్లెవేస్తే ఎంత లాభమో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేసినా అంతే లాభం కనిపించింది. ఎడం ఎంతుండాలనేది పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. 2008లో సెపేడా అనే పరిశోధకుడి బృందం తేల్చిన ప్రకారం, వారం తర్వాత జరిగే పరీక్షకైతే ఆ వ్యవధిలో 20–40 శాతం, అంటే సుమారు ఒకటిన్నర నుంచి మూడు రోజుల ఎడం మేలు. పరీక్ష ఇంకా దూరంగా ఉంటే ఎడమూ పెరగాలి.

అందుకే టైమ్‌టేబుల్ వేసేటప్పుడు కొత్త పాఠాలకంటే ముందు, పాత పాఠాలు తిరిగొచ్చే రోజులను రాసిపెట్టుకోవాలి. సోషల్‌కు వరసగా మూడు రోజులు కేటాయించి, మళ్లీ పరీక్ష దాకా ముట్టుకోకపోవడం శ్రమ దండగ. పాత ప్రశ్నపత్రాల విషయంలోనూ ఇంతే. గైడులో జవాబులు చదివితే లాభం తక్కువ. ముందు సొంతంగా రాసి, తర్వాతే పోల్చుకోవాలి. పుస్తకం మూసుకుని కూర్చున్న పిల్లలను చూసి కంగారుపడకండని తల్లిదండ్రులకు నా మనవి. చదువు సాగుతున్నది అప్పుడే. రాసినదాన్ని పుస్తకంతో సరిచూసుకుని, తప్పిన చోట ఎర్ర గీత పెట్టుకుని, రెండు రోజుల తర్వాత కూర్చున్నప్పుడు మొదట ఆ తప్పినవే రాయాలి.