సూదిబెజ్జమంత దారి

మరూరు టోల్‌గేటు దాటినప్పటి నుంచే బండి బరువుగా లాగుతోంది. యాక్సిలరేటర్ మీది కాలు తీస్తే కాసేపు దొర్లాల్సింది, వెనక ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోతోంది. రాప్తాడు దగ్గరపడేసరికి కమురు వాసన. బ్రేకు తొక్కితే పెడల్ తడిమట్టిలో దిగినట్టు మెత్తగా లోపలికి పోయింది. గేర్లు ఒక్కొక్కటే తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, 44వ జాతీయ రహదారి పక్కన ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆపాను.

పాత ఎస్‌యూవీ అది. మా వైపు ఇలాంటి బండి ఏదైనా జీపే. మేస్త్రి ముందు చక్రాల దగ్గర అరచెయ్యి ఆనించకుండా దూరం నుంచే వేడి చూశాడు. "పట్టేసిందంటావు, మళ్ళా పట్టడంలే అంటావు. రెండూ ఒకటే జబ్బన్నా. సల్లబడనీ, సూపిస్తా" అన్నాడు. నీళ్ళు పోద్దామని బిందె ఎత్తితే వద్దని వారించాడు. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే డిస్కు వంకరపోతుంది, డ్రమ్ము పగిలినా పగులుతుంది.

అరగంటకు చక్రాలు చేత్తో తిప్పితే తిరిగాయి. పెడల్ గట్టిపడింది. జబ్బు దానంతటదే పోయింది! బ్రేకు బాగైపోయిందనుకుని మళ్ళీ రోడ్డెక్కేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

కాలితో తొక్కిన ఒత్తిడిని నూనె ద్వారా చక్రానికి పంపే ఆలోచనకు మూలం 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బతికిన పాస్కల్. మూసి ఉంచిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా చేరుతుందన్నది ఆయన సూత్రం. పెడల్ నెట్టే మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు, చక్రం దగ్గరి పిస్టన్‌ది 24 అనుకుందాం. ఇక్కడ 120 కిలోల బలం పెడితే అక్కడ 720 కిలోల బలం పుడుతుంది. దీన్ని కార్లకు పనికొచ్చేలా చేసినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. విమానాల కంపెనీ లాక్‌హీడ్ సోదరుల్లో ఒకడు. ఆయన బ్రేకులు 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ వచ్చాయి. మొదట్లో పిస్టన్లకు తోలు వాషర్లుండేవి, నూనె కారేది. 1924లో క్రైస్లర్ కారు వచ్చేనాటికి ఆ కంపెనీ ఇంజనీర్లు రబ్బరు కప్పులు పెట్టి కారడాన్ని అరికట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకూ ఇవే బ్రేకులు. ఆ జీపు వంశమే తర్వాత మన మెట్ట దారుల్లో దుమ్ము రేపింది.

రబ్బరు వచ్చాక ఇంకో చిక్కు. పెట్రోలియం నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. అందుకని ఒకప్పుడు బ్రేకు నూనెగా ఆముదంలో ఆల్కహాలు కలిపి వాడారు. ఆముదం రబ్బరును చెడగొట్టదు. మా అనంతపురంలో వేరుశనగ చేలల్లో సాళ్ళుగా వేసే ఆముదమే! వాన మొహం చాటేసినా తట్టుకుని నిలబడే ఆ చెట్టు గింజకు మోటారు బండి చరిత్రలో ఇంత చోటుందని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆముదం వేడికి నిలిచినా అందులో కలిపిన ఆల్కహాలు నిలవదు. అందుకే ఇప్పుడు గ్లైకాల్ రకం నూనె వాడుతున్నారు.

మా మేస్త్రి చూపిస్తానన్నది మాస్టర్ సిలిండర్ లోపలి ఒక రంధ్రాన్ని. మిల్లీమీటరు కంటే సన్నం. పెడల్ వదిలినప్పుడు సిలిండర్‌లోని నూనెకూ పైన డబ్బాలోని నూనెకూ అదొక్కటే దారి. తొక్కగానే రబ్బరు కప్పు ముందుకు జరిగి ఆ దారి మూసేస్తుంది, ఒత్తిడి పుడుతుంది. వదిలితే దారి తెరుచుకుని, వేడికి ఉబ్బిన నూనె పైకి పోతుంది. రంధ్రం మూసుకుపోయిందనుకోండి, నూనె ఎక్కడికి పోవాలి? కాలు తీసినా ఒత్తిడి మిగిలి ప్యాడ్లు డిస్కును రుద్దుతూనే ఉంటాయి. రుద్దితే వేడి, వేడికి నూనె మరింత ఉబ్బు, మరింత పట్టు.

ఆ వేడి ఎంతుంటుందంటే, రెండు టన్నుల బండిని 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడి ఒకటిన్నర లీటరు నీళ్ళను మరగబెట్టగలదు. పట్టేసిన బ్రేకుతో మైళ్ళు నడిపితే ఇంకెంత! గ్లైకాల్ నూనెల్లో డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మా కరువు నేలలో గాలి ఎంత పొడిగా ఉన్నా, ఏళ్ళ తరబడి మార్చని నూనెలోకి నీరు చేరకుండా ఉండదు. 3.7 శాతం నీరు చేరిన నూనెకు ప్రమాణాలు అడిగే కనీసం 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మన కాలి బలమంతా బుడగలను నలిపేందుకే సరిపోయి, పెడల్ మెత్తగా దిగిపోతుంది. పట్టేయడమూ పట్టకపోవడమూ ఒకే గొలుసులో రెండు కొసలు.

బ్రేకు పట్టేయడానికి కారణం ఊహించి చెప్పేది కాదు, పరీక్ష చేసి తేల్చుకునేది. మేస్త్రి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, బ్రేకు బిగుసుకునేదాకా పెడల్ నాలుగుసార్లు తొక్కి వదిలాడు. చక్రం కదల్లేదు. గాలి తీసే నిప్పిల్ పావు చుట్టు వదిలాడు. నూనె చిమ్మింది, చక్రం తిరిగింది. అంటే పట్టి ఉంచింది లోపలి ఒత్తిడి. నిప్పిల్ వదిలినా తిరగకపోతే తుప్పు పట్టిన పిస్టనో, దుమ్ము చేరి ఎండిపోయిన క్యాలిపర్ పిన్నులో కారణం. నిప్పిల్ బిగించి, మళ్ళీ తొక్కి, ఈసారి మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి, కాలి బలాన్ని పెంచే బూస్టర్ నుంచి వాషరు మందం ముందుకు లాగాడు. అప్పుడు బ్రేకు వదిలితే తప్పు పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్ పొడవుది. వదల్లేదు. తర్వాత మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేస్తే వదిలింది. లోపల పొర లేచి మూసుకుపోయిన హోస్ పైపు అయితే ఇలా వదిలేది కాదు. మిగిలింది మాస్టర్ సిలిండర్.

డబ్బా మూత తీశాడు. మూత కింది రబ్బరు పొర బూరెలా ఉబ్బి ఉంది. నూనె ఒక చుక్క గ్లాసు నీళ్ళలో వేశాడు. మంచి బ్రేకు నూనె నీళ్ళలో కలిసిపోవాలి. ఇది రంగులీనుతూ తెట్టులా పైన తేలింది. కొన్ని నెలల కింద దారిలో ఒకచోట నూనె తగ్గిందని డబ్బా నింపించుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంజనాయిల్ డబ్బాలోంచి పోశారు, నేను అటు చూస్తూనే ఉన్నాను, అడగలేదు. అది తాకిన రబ్బరు కప్పు ఉబ్బి, ఆ సన్నటి రంధ్రం మీదికి ఒరిగి కూర్చుంది.

మాస్టర్ సిలిండర్, డబ్బా మూత, చక్రాల దగ్గరి రబ్బర్లు, హోస్ పైపులు అన్నీ మార్చాలన్నాడు. ఒక్క కప్పు మార్చి పంపితే మిగతావి రేపు ఉబ్బుతాయి. నాకు అది ఖర్చు పెంచే మాటగా తోచలేదు.

మూడోనాడు వెళ్ళేసరికి ఇనుప పైపులు కడిగి, కొత్త నూనె పోసి, గాలి తీస్తున్నారు. ఒక కుర్రాడు పెడల్ తొక్కి పట్టుకుంటే మేస్త్రి నిప్పిల్ వదిలి బిగిస్తున్నాడు. సన్నటి గొట్టంలోంచి సీసాలోకి బుడగలు, తర్వాత తక్కువ బుడగలు, తర్వాత తేనె రంగు నూనె ధార. మరూరు దాకా పోయి వచ్చాం. బండి దిగి ముందు చక్రం రిమ్ము మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, అంతే. చెయ్యి తియ్యాల్సిన పని రాలేదు.