సారీ, అపాలజీ, రిగ్రెట్: మూడూ ఒకటేనా?

ఈరోజు మనం రోజుకి పదిసార్లు వాడే ఒక మాట గురించి మాట్లాడుకుందాం. సారీ. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే సారీ, క్లాసుకి లేటయితే సారీ, ఎవరైనా పోయారని తెలిసినా సారీ. మాట ఒకటే గానీ, ఒక్కో చోట ఒక్కో అర్థం.

ముందు దీని పుట్టుక చూద్దాం. గొంతు నొప్పిని సోర్ థ్రోట్ అంటాం కదా. ఆ సోర్‌కి ఈ సారీ చుట్టం. అంటే సారీకి అసలు అర్థం "నాకు బాధగా ఉంది" అని. తప్పు ఎవరిదో ఆ మాట చెప్పదు. అందుకే ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు పోతే "ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్" అంటాం. అక్కడ "ఐ అపాలజైజ్" అన్నారనుకోండి, ఆయన పోవడానికి కారణం మీరే అన్నట్టు ఉంటుంది!

ఎందుకంటే అపాలజైజ్ అంటే తప్పు నాదే అని ఒప్పుకుని క్షమాపణ అడగడం. ఆఫీసు మెయిల్‌లో "ఐ అపాలజైజ్ ఫర్ ద డిలే" అని రాస్తే, ఆలస్యానికి బాధ్యత మీరు తీసుకున్నట్టు. ఇక్కడ చాలామంది "ఐ యామ్ అపాలజైజ్" అని రాసేస్తుంటారు. సారీ విశేషణం, దానికి ముందు యామ్ కావాలి. అపాలజైజ్ క్రియ, దానికి యామ్ అక్కర్లేదు.

ఇక మూడోది రిగ్రెట్. జరిగినదానికి విచారిస్తున్నాం అని. రైలు లేటయినప్పుడు స్టేషన్‌లో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వినిపిస్తుంది కదా, ఇంగ్లిష్‌లో అక్కడ వాడేది ఈ మాటే. విచారం ఉంది, తప్పు ఎవరిదో మాత్రం లేదు. ఉద్యోగానికి అప్లై చేశాక వచ్చిన మెయిల్ "వి రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యూ" అని మొదలైతే, మిగతాది చదవక్కర్లేదు. జాబ్ రాలేదన్నమాటే.

"మాటల్లో ఇంత తేడా ఎవరు చూస్తారులే" అనుకుంటున్నారా? దేశాలే చూస్తాయి. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో, డయ్యర్ ఆజ్ఞతో సైనికులు నిరాయుధులైన జనం మీద కాల్పులు జరిపారు. వందల మంది చనిపోయారు. దానికి నూరేళ్లు నిండుతాయనగా, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో దాని గురించి మాట్లాడారు. రిగ్రెట్ అన్నారు. అపాలజీ మాత్రం చెప్పలేదు. అక్కడే ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్ లేచి, పూర్తి అపాలజీ చెప్పాలని అడిగారు.

కెనడా సంగతి వేరు. 1914లో కొమగాటా మారు అనే ఓడలో 376 మంది అక్కడికి వెళ్తే, చాలామందిని దిగనివ్వకుండా వెనక్కి పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. 2016 మే 18న ప్రధాని జస్టిన్ ట్రూడో ఆ దేశ పార్లమెంటులో సూటిగా అపాలజీ చెప్పారు. మన పేపర్లలో కూడా "విచారం వ్యక్తం చేశారు", "క్షమాపణ చెప్పారు" అని రెండు రకాలుగా రాస్తారు. ఈసారి చదివేటప్పుడు ఆ తేడా గమనించండి.

చివరిగా ఒక జాగ్రత్త. "ఐ యామ్ సారీ ఇఫ్ యూ ఫెల్ట్ బ్యాడ్" అని మెసేజ్ పెడుతుంటారు. ఆ ఇఫ్ ఉంది చూశారూ, అది తప్పుని అవతలివాళ్ల మీదకి తోసేస్తుంది. నువ్వు ఫీలయ్యావు కాబట్టి సారీ, లేకపోతే లేదు అన్నట్టు. దాని బదులు "ఐ యామ్ సారీ ఐ షౌటెడ్ ఎట్ యూ" అనండి. మీరు చేసిన పని అందులో ఉంది, అవతలివాళ్లకి కావాల్సింది కూడా అదే.

కాబట్టి ఫ్రెండ్స్, ఎదుటివాళ్ల బాధకి సారీ, మన తప్పుకి అపాలజీ, చేదు వార్త మర్యాదగా చెప్పడానికి రిగ్రెట్. ఇంకో మాటతో మళ్ళీ కలుద్దాం. బై!