తొమ్మిదికి ఎనిమిది

సైన్యంలో లెఫ్టినెంట్‌గా అడుగుపెట్టిన కుర్రాడు రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కర్నల్ అవుతాడు. 2004లో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులు అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క. పరీక్షలు గట్టెక్కి, మీదకు మచ్చ తెచ్చుకోకుంటే చాలు, ఇక్కడిదాకా ఢోకా లేదు. అసలు గండం కర్నల్ దగ్గరే. బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే. బ్యాచ్‌లో సమర్థులు ఎందరున్నా కుర్చీలు పెరగవు.

ఆ కుర్చీ ఎవరిదో తేల్చేది మూడో నంబరు సెలక్షన్ బోర్డు. సభ్యుల ముందు అభ్యర్థి ఉండడు, పేరూ ఉండదు. ఉన్నదల్లా రికార్డే. అవకాశాలు మూడు. మూడూ చేజారితే ‘సూపర్‌సీడ్’ అయ్యాడంటారు. ఉద్యోగం 54వ ఏడు దాకా ఉంటుంది. ఈలోగా నిన్నటి జూనియర్ పై అధికారిగా వస్తే సెల్యూట్ కొట్టాల్సిందే.

ఆ రికార్డుకు ప్రాణం ఏసీఆర్. పై అధికారి ఏటా రాసే రహస్య నివేదిక అది. అందులో ఒక గడిలో ఒక్క అంకె వేస్తాడు, తొమ్మిదికి ఇంత అని. ఎనిమిది వచ్చిందంటే బయటివాళ్లం భుజం తడతాం. తొమ్మిదులు ధారాళంగా పడే బ్యాచ్‌లో ఆ ఎనిమిదే వెనక్కి లాగుతుంది. ఇక రాసేవాడికి ‘ఇతను పైకి వెళ్లేవాడు కాదులే’ అనిపించిందా, కలం మొక్కుబడిగా కదులుతుంది.

మహిళా అధికారుల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. 1992లో వాళ్లను తీసుకున్నది ఐదేళ్ల సర్వీసుకు. తర్వాత అది పద్నాలుగేళ్ల దాకా సాగింది. చాలా విభాగాల్లో పర్మనెంట్ కమిషన్ మాత్రం లేదు. వెళ్లిపోయేవాళ్లే కదా అని పెద్ద కోర్సులకు పంపలేదు, కీలక పోస్టింగులు ఇవ్వలేదు. ఏసీఆర్‌లూ ఆ ధోరణిలోనే నడిచాయి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పర్మనెంట్ కమిషన్‌కు తలుపు తీయగానే ఆ పాత కాగితాలే తూకానికొచ్చాయి. పైగా మగవాళ్లలో అట్టడుగు మెరిట్‌తో పోల్చి చూశారు. మగవాళ్లు యవ్వనంలో దాటేసిన ఆరోగ్య ప్రమాణాన్ని వీళ్లకు నడివయసులో పెట్టారు. 2021 మార్చిలో నితీష కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ వ్యవహారాన్ని పరోక్ష వివక్ష అంది. నా దృష్టిలో సైనిక పదోన్నతులపై ఇంత లోతుకు వెళ్లిన తీర్పు మరొకటి లేదు. పేరు దాచినంత మాత్రాన పక్షపాతం పోదు, అంకె వేసిన రోజే అది లోపలికి దూరిపోయి ఉంటుంది.

2023 జనవరిలో 108 కర్నల్ ఖాళీల కోసం 244 మంది మహిళలను బోర్డు పరిశీలించింది. ఏ తేదీ వరకు ఏసీఆర్‌లు లెక్కలోకి తీసుకోవాలన్న దానిపై మళ్లీ పేచీ. నవంబరులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుబట్టి బోర్డును తిరిగి కూర్చోమంది.

ఈ అంకెల పోటీ అధికారులతోనే ఆగలేదు. 2023 జనవరిలోనే గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో, నాలుగేళ్ల సర్వీసుకు చేరే అగ్నివీరుల తొలి బ్యాచ్ శిక్షణ మొదలైంది. నాలుగేళ్లయ్యాక రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. మార్కులే తేలుస్తాయని ఈ కుర్రాళ్లకు చేరకముందే తెలుసు. పక్క మంచం మీద పడుకునే తోటివాడూ అదే ఖాళీకి పోటీ అని కూడా తెలుసు.