పుచ్చుకున్నామని పలుకుదాం

ఏ శుభకార్యం తలపెట్టినా మన చేయి ముందుగా పసుపును అందుకుంటుంది. గడపకు పూసినా, గౌరమ్మగా మలచినా, ముత్తైదువ పాదాలకు అలదినా అది మంగళకరం. ఆ పసుపు మన పూజామందిరానికి చేరేలోగా ఎన్ని చేతులు దాటి వస్తుందో ఎన్నడైనా ఆలోచించారా?

నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూరు, మోర్తాడ్ ప్రాంతపు పల్లెలను చూస్తే తెలుస్తుంది. తొలకరికి నాటిన విత్తనం ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. తవ్విన దుంపలను విరవాలి, ఉడకబెట్టాలి, కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టాలి, మెరుగు పట్టించాలి. ఆ తర్వాతే పంట మార్కెట్టుకు చేరుతుంది. ఇంత శ్రమలో స్త్రీల చేతులు పడని దశ అరుదు. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారూ ఎక్కువే. అలాంటి ఇళ్లలో సేద్యమూ, పిల్లల చదువులూ, అత్తమామల మందులూ ఇల్లాలి భుజాల మీదనే ఉంటాయి. అక్కడ ఎండలో అతడు, ఇక్కడ చేనులో ఆమె. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు శ్రమిస్తున్నవారే. అయినా ఫోనులో మాట్లాడుకున్నప్పుడు పైసలు అందాయా, పంట అమ్ముడుపోయిందా అన్న ప్రశ్నలతోనే సంభాషణ ముగిసిపోతే? అసలైన మాట ఇద్దరి గుండెల్లోనూ ఉండిపోతుంది.

మనలో మనకేమిటి?

అయినవారికి కృతజ్ఞత తెలపాలంటే మనకు సంకోచం. "మనలో మనకు ధన్యవాదాలేమిటి? మేమేమైనా పరాయివాళ్లమా?" అంటాం. ఆ మాటలో ప్రేమ ఉన్నది నిజమే. కాని ఆ ప్రేమ చాటున మరపు కూడా దాగి ఉండవచ్చు. ఏళ్ల తరబడి వేళకు వండి పెడుతున్న ఇల్లాలితో ఒక మంచిమాట అనం. కూరలో ఉప్పు తగ్గిననాడు మాత్రం నోరు తెరుస్తాం. సంపాదించి తెచ్చే తండ్రిని, బడికి సిద్ధం చేసే తల్లిని, మనుమలను కనిపెట్టుకొని ఉండే నాయనమ్మను కూడా అలాగే చూస్తాం. మేలుకు మౌనం, లోపానికి మాట అన్నది ఇంటి రివాజు అయిపోతే, దగ్గరివారే దూరమవుతారు.

పర్ణశాల ముందు రాముడు

లోకంలో సకల గుణసంపన్నుడెవరని వాల్మీకి నారదమహర్షిని అడిగినప్పుడు, ఆ గుణాలలో కృతజ్ఞతను కూడా చేర్చి అడిగాడు. శ్రీరామునిలో ఆ గుణం ఎంత సహజమైనదో అరణ్యకాండలోని పంచవటి ఘట్టం చూపుతుంది. అన్న ఆదేశం మేరకు లక్ష్మణుడు మట్టితో, వెదురుతో, ఆకులతో పర్ణశాల నిర్మించాడు. గోదావరిలో స్నానమాచరించి, పూలు అర్పించి, విధిగా శాంతి జరిపి అన్నకు చూపించాడు. "తమ్ముడు కదా, అది అతని విధి" అని రాముడు ఊరకుండలేదు. లక్ష్మణుని గాఢంగా కౌగిలించుకొని, గొప్ప పని చేశావని మెచ్చుకున్నాడు. ఇందుకు తానివ్వగల బహుమానం ఈ ఆలింగనమేనన్నాడు. మనసెరిగిన నీవు ఉండగా మన తండ్రి నాకు లేనివాడు కాడన్నాడు.

రాముడు మెప్పును వాయిదా వేయలేదని గమనించండి. చేసిన పనిని గుర్తించాడు. ఆ పని తన మనసుకు ఏమిచ్చిందో కూడా చెప్పాడు. తండ్రిని కోల్పోయిన అన్నకు ఆ తమ్ముడే తండ్రి అయ్యాడు. ఆ సంగతి అన్న నోటివెంట వినడం కంటె లక్ష్మణునికి వేరే సత్కారం ఏముంటుంది?

ఋణం తీర్చుకోవడం కాదు

కృతజ్ఞత చెబితే లెక్క చెల్లిపోతుందని కొందరి భయం. ఉత్తరకాండలో హనుమంతునికి వీడ్కోలిస్తూ రాముడు, నీవు చేసిన ఉపకారం నాలోనే జీర్ణమైపోవుగాక అంటాడు. ప్రత్యుపకారం అవసరమయ్యేది ఆపదలోనే కనుక, తిరిగి మేలు చేయాలని కోరుకోవడమంటే నీకు ఆపద రావాలని కోరుకోవడమే అని భావం. కృతజ్ఞత బాకీ రద్దు చేసుకునే రసీదు కాదు. తీరని ఋణాన్ని ప్రేమతో ఒప్పుకోవడం.

ఆధునిక పరిశోధన కూడా ఇటువంటి మాటే చెబుతున్నది. అమెరికాలో నథానియెల్ లాంబర్ట్ బృందం 2010లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. స్నేహితునికి కృతజ్ఞతను మాటల్లో తెలిపినవారిలో, మనసులోనే తలచుకున్నవారి కంటె, అతని మంచిచెడ్డలు తమవేనన్న భావన బలపడిందని అందులో తేలింది. అంటే కృతజ్ఞత విన్నవారినే కాదు, పలికినవారినీ మారుస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. పొగిడి మరింత పని చేయించుకోవడం కృతజ్ఞత కాదు. అలసిన చేతిని గుర్తించిన కన్ను, ఆ చేతిలోని బరువును కొంతైనా అందుకోవాలి.

నోటితో పలకాలి

మన నోములలో వాయనమిచ్చే తీరు గుర్తుకు తెచ్చుకోండి. పసుపు, కుంకుమ, తాంబూలం ఇచ్చే ముత్తైదువ ఇస్తున్నానని పలుకుతుంది. అందుకొనే ఆమె పుచ్చుకున్నానని బదులు పలుకుతుంది. వస్తువు చేతులు మారడం కళ్లకు కనిపిస్తూనే ఉన్నా, నోటితో పలకాలన్నారు పెద్దలు. పుచ్చుకున్నామని పలికినప్పుడే ఇచ్చినవారి మనసు నిండుతుంది.

మీ ఇంటివారు మీకు నిత్యం వాయనమిస్తూనే ఉన్నారు. ఈ పూట భోజనం ముగించి లేచేముందు, లేదా దూరదేశంలో ఉన్నవారితో ఫోను పెట్టేసేముందు, ఒక్క మాట అనండి. గ్రాంథికమైన ధన్యవాదం అక్కరలేదు. "నువ్వుండబట్టే ఈ ఇల్లు నిలబడ్డది" అంటే చాలు. ఆ పలుకు విన్న ముఖం మీద వెలిగే కాంతి మీ గడపకు పూసిన పసుపంత శుభకరం.