పొట్ట నిండినను బలము పట్టని మేత

వేసవి దినములలో సాయంకాలము మంద ఊరు చేరు వేళ పంచాయతీ సభ్యులు ఒకసారి నిలిచి చూచిన యెడల ఒక వింత కనబడును. పశువుల పొట్టలు నిండియే యుండును. ప్రక్కటెముకలు మాత్రము లెక్కింపవచ్చును. ఆవు పాలు నానాటికి తగ్గును, చూలుపశువు బలహీనమైన దూడను ఈనును, ఎద్దు తొలకరి దుక్కికి అరకదగ్గరనే కూలబడును. రోగమని కొందరు, దిష్టి యని కొందరు అనుకొందురు. చాలచోట్ల కారణము మేత గుణములో ఉన్నది. ఈ సంగతి పశువైద్యునికే పరిమితమైనది కాదు. ఊరి బీడును ఏలుబడి చేయు పంచాయతీకి కూడ చెందినదని తలచి ఇచ్చట కొంత వివరించుచున్నాము.

నెమరువేయు పశువు పొట్ట నాలుగు అరలుగా నుండును. మొదటి అర అన్నిటికంటె పెద్దది. పెద్ద ఆవులో అది నూరు లీటర్లకు పైగా పట్టును. ఆవు గడ్డిని సగము నమిలి మ్రింగి ఈ తొట్టిలో వేసికొనును. అచ్చట దానిని పులియబెట్టి జీర్ణము చేయునది ఆవు కాదు, కంటికి కానరాని సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు రసములో ఇవి వెయ్యి కోట్ల వరకు ఉండును. గడ్డిలోని పీచును ఏ పశువు కడుపూ స్వయముగా అరిగించుకొనలేదు; ఆ పని ఈ సూక్ష్మజీవులదే. పీచు పులిసినపుడు పుట్టు ఆమ్లములనుండియే పశువునకు కావలసిన శక్తిలో మూడింట రెండు వంతుల వరకు లభించును. తుదకు ఆ సూక్ష్మజీవులే క్రింది అరలలోనికి జారి, అరిగి, పశువునకు మాంసకృత్తులగును. కావున మనము మేపునది మొదట ఆ సూక్ష్మజీవులను, పిదప ఆవును అని చెప్పినను తప్పులేదు.

ఆ జీవులకు కూడ ఆహారము కావలెను. మేతలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్ళకంటె తగ్గిన యెడల వాటి వృద్ధి కుంటుపడును. తొలకరి పిదప వచ్చు లేత పచ్చికలో ఇవి పది పాళ్ళు దాటి యుండును. గడ్డి వెన్ను తీసి, విత్తు రాల్చి, ఎండినపిమ్మట నాలుగైదు పాళ్ళకు దిగును. అంతతో పోదు. ముదిరినకొలది కాడలో లిగ్నిన్ అను చేవపదార్థము పెరిగి పీచును చుట్టుకొనును. సూక్ష్మజీవులు దానిని ఛేదింపజాలవు. వరిగడ్డిలో దీనికితోడు సిలికా అధికము, మాంసకృత్తులు మూడు నాలుగు పాళ్ళే.

ఇట్టి మేత పశువును రెండు విధముల దెబ్బతీయును. మొదటిది, తిన్నదానిలో అరుగునది తక్కువ. రెండవది మన రైతులు సాధారణముగా గమనింపనిది: అరగని గడ్డి సన్నని తునకలగువరకు మొదటి అరనుండి కదలదు. తొట్టి ఖాళీకానిదే పశువు మరల తినలేదు. సుమారు 300 కిలోల బరువుగల ఆవు మంచి పచ్చిమేతనైన ఎండు లెక్కలో దినమునకు ఏడున్నర కిలోలు తిని, అందులో నాలుగున్నర కిలోలు అరిగించుకొనగలదు. ఉత్త వరిగడ్డి వేసిన అదే ఆవు నాలుగున్నర కిలోలతో ఆగిపోవును. అరుగునది రెండు కిలోలకు లోపు. ఇది దాని ప్రాణము నిలుపుటకే చాలదు. ముందు గడ్డి మిగిలియున్నను పశువు కృశించుటకు రహస్యమిదియే. కట్టుకొయ్యవద్ద గడ్డి వదలిపెట్టినదని పశువును నిందింపరాదు.

మేత గుణము తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు, పేడ చూచిన చాలును. మెత్తగా పడి కొంచెము పరచుకొనినచో మేత సరిపడినదే. గట్టిగా, పొరలు పొరలుగా, పొడుగు పీచులతో పడినచో మాంసకృత్తులు చాలలేదని అర్థము.

ఈ లోటును పూరించు మార్గములలో పప్పుజాతి మేత మొదటిది. వరికోత వేళ చల్లిన పిల్లిపెసర, జనుము, గట్లమీది అవిసె, రాయలసీమలో వేరుశనగ కట్టె ఇట్టివి. దినమునకు రెండు మూడు కిలోల పచ్చి పప్పుజాతి మేత కలిపినను సూక్ష్మజీవులకు ప్రాణము వచ్చి, వరిగడ్డి కూడ ఎక్కువ అరుగును. సుబాబుల్ ఆకు మంచిదే గాని మేతలో మూడవ వంతు మించరాదు; అందు మైమోసిన్ అను హానికర పదార్థమున్నది. వేరుశనగ కట్టెను వానకు తడిసి బూజుపట్టనిచ్చి పిదప పశువులకు వేయుట మాత్రము చేజేతుల విషము పెట్టుటయే.

రెండవది యూరియాతో వరిగడ్డిని మాగవేయుట. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకు చల్లుచు, త్రొక్కి, గాలి చొరకుండ ప్లాస్టిక్ పట్టాతో కప్పి మూడు వారములు ఉంచవలెను. యూరియానుండి పుట్టిన అమ్మోనియా పీచు బిగువును సడలించును. మాంసకృత్తుల విలువ ఇంచుమించు రెట్టింపగును. తీసినగడ్డిని ఘాటు పోవువరకు ఆరబెట్టి వేయవలెను. ఆరు నెలలలోపు దూడలకు వేయరాదు. యూరియా నీరు మిగిలిన బకెట్టును పశువులకు అందుచోట ఉంచిన ఇంటికి ప్రాణహాని తప్పదు. ఈ జాగ్రత్త చెప్పకుండ మాగవేయు పద్ధతిని మాత్రమే ప్రచారము చేయుట సరికాదని మా అభిప్రాయము.

పచ్చగా కనబడినదెల్ల మంచి మేత కాదు. వానలు వెనుకపట్టి గిడసబారిన జొన్నపైరు, కోసిన మోళ్ళనుండి వచ్చు పిలకలు మేసిన పశువునకు నాము తగులును. అందలి సయనైడు వలన కొద్ది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. జొన్నను పూత దశకు వచ్చినపిమ్మట కోసి వేయుట క్షేమము. తొలకరి గరికను ఆబగా మేసిన గొర్రెలకు చిటుక రోగము వచ్చును. కావున వానలకు ముందే టీకా వేయింపవలెను. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యయందు తెలంగాణము దేశమున ప్రథమముగను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయముగను నిలిచినవి గనుక ఇది చిన్న విషయము కాదు. ఊరి చివర చెత్తకుప్పలలోని ప్లాస్టిక్ సంచులు మొదటి అరలో చిక్కుకొని ఎన్నటికిని అరగవు. కుప్పను బీటికి దూరముగా మార్చి కంచె వేయించుట పంచాయతీ చేతిలోని పని.

ఇక ఊరి బీడు మాట. భూమి లేని కుటుంబము ఆవును గాని నాలుగు మేకలను గాని పెంచుట ఆ బీటి ఆధారమునే. ఏడాది పొడుగున విడువక మేపిన బీటిలో పశువు రుచియైన గడ్డిని ముందుగా మొదలంట కొరికివేయును. మిగులునవి తంగేడు, వయ్యారిభామ, సర్కారు తుమ్మ. సర్కారు తుమ్మ కాయలను పశువులే తిని, పేడద్వారా విత్తులను ఊరంతట చల్లును. మరొకవైపు ఆక్రమణలు. 2011 జనవరి 28న సుప్రీం కోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామ ఉమ్మడి భూములనుండి అక్రమ ఆక్రమణదారులను తొలగించుటకు పథకములు సిద్ధపరచవలెనని రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించినది. సభ్యులు ఈ తీర్పు సంగతి తెలిసియుండుట మంచిది.

మిగిలిన బీటిని మూడు భాగములు చేసి, ఏటికొక భాగమును తొలకరినుండి గడ్డి విత్తు రాల్చువరకు మూసియుంచిన యెడల మంచి జాతులు తిరిగి మొలచును. ఆ భాగమున స్టైలో, అంజన్ గడ్డి విత్తనములు చల్లవచ్చును. మూసిన భాగమున కొడవలితో కోసికొనిపోవుటకు భూమిలేని వారికి మొదటి హక్కు నిచ్చినచో మూయుటపై తగవు తగ్గును. ఏ భాగము మూయవలెనో గ్రామసభలో కాపరుల సమక్షమున నిర్ణయించి, తెరచు దినమును వారము ముందుగా టముకు వేయించి తెలుపవలెను.