మీకు తెలుసా? కుర్చీ ఎక్కించేదెవరు, దించేదెవరు!

రాచరికం, గణతంత్రం, అధ్యక్ష పాలన, పార్లమెంటరీ విధానం... ఈ పేర్లన్నీ బడిలో బట్టీ పట్టినవే. పేరు చూసి మాత్రం పెత్తనం ఎవరిదో చెప్పలేం. కుర్చీ ఎక్కించేదెవరు, అడ్డు చెప్పగలిగేదెవరు, దించగలిగేదెవరు అని ఆరా తీస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

1. రాజుకూ ఎన్నికే
మలేసియా రాజు తర్వాత ఆయన కొడుకు రాజు కాడు. అక్కడి 9 రాష్ట్రాలకు వంశపారంపర్య పాలకులున్నారు. వాళ్లే అయిదేళ్లకోసారి తమలో ఒకరిని దేశానికి రాజుగా ఎన్నుకుంటారు. 1957 నుంచీ ఇదే తీరు. పేరుకు ఎన్నికే గానీ, ఆచరణలో వంతులవారీగా సాగుతుంది. రోజువారీ పాలన ప్రధానమంత్రిది.

2. ఎన్నికయ్యే వరకే ఓటు
వాటికన్‌లోనూ ఎన్నికే. 80 ఏళ్లలోపు కార్డినళ్లు (కేథలిక్ చర్చి పెద్దలు) ఓటేస్తారు, మూడింట రెండొంతుల మద్దతు దక్కినవారే పోప్. ఆ క్షణం నుంచి చట్టం చేయడం, అమలు చేయడం, తీర్పు చెప్పడం మూడూ ఆయన చేతిలోనే. ఆయన్ని దించే అధికారం ఎవరికీ లేదు. 2013లో 16వ బెనెడిక్ట్ తనంతట తానే తప్పుకున్నారు.

3. పొరుగు దేశం ఓటు
ఫ్రాన్స్, స్పెయిన్ నడుమ కొండల్లో ఉన్న అండోరాకు ఇద్దరు ప్రభువులు. ఒకరు స్పెయిన్‌లోని ఉర్జెల్ బిషప్, రెండోవారు ఫ్రాన్స్ అధ్యక్షుడు. అంటే ఫ్రెంచి ఓటర్లు తమ అధ్యక్షుణ్ని ఎన్నుకుంటూనే పక్క దేశానికి ప్రభువునూ ఇచ్చేస్తున్నారు! ఇందులో అండోరా ప్రజలకు ఓటు లేదు. అయితే 1993 నాటి రాజ్యాంగంతో పాలన వాళ్లు ఎన్నుకున్న ప్రభుత్వానికే దక్కింది.

4. ఆరు నెలల అధినేతలు
ఇటలీ మధ్యలో ఉన్న బుల్లి దేశం శాన్ మారినోకు ఒకేసారి ఇద్దరు దేశాధినేతలు. పదవీకాలం ఆరు నెలలే. ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న కొత్త జంట ప్రమాణం చేస్తుంది. దిగిపోయినవారి పాలన మీద పౌరులు ఫిర్యాదు చేసుకోవచ్చు.

5. చట్టాన్ని ఆపే సంతకాలు
స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఏడుగురిది. అధ్యక్ష పదవి వాళ్లలోనే ఏడాదికొకరికి మారుతుంది. ఆ పదవిలో ఉన్నంత మాత్రాన మిగతా ఆరుగురి మీద అజమాయిషీ ఉండదు. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు సేకరిస్తే చాలు, దానిపై దేశమంతా ఓటేయాల్సిందే.
అయితే ప్రజలంటే ఎవరు? 1959లో దేశమంతా జరిగిన ఓటింగ్‌లో అక్కడి మగవాళ్లు ఆడవాళ్లకు ఓటుహక్కు వద్దన్నారు. జాతీయ స్థాయిలో స్విస్ మహిళలకు ఓటు దక్కింది 1971లో!

6. దించాలంటే వారసుణ్ని చూపాలి
జర్మనీలో ఛాన్సలర్‌పై అవిశ్వాసం ఒక్కటే నెగ్గితే చాలదు, అదే ఓటుతో తర్వాతి ఛాన్సలర్‌నూ ఎన్నుకోవాలి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ప్రభుత్వాలను కూల్చడానికి ఏకమైన పార్టీలు, కొత్తది నిలబెట్టడానికి మాత్రం కలిసిరాలేదు. ఆ చేదు అనుభవమే ఈ నిబంధన పెట్టించింది. 1982లో హెల్ముట్ ష్మిట్ దిగి, హెల్ముట్ కోల్ ఎక్కింది ఇలాగే.

7. అవిశ్వాసం లేని దేశం
అమెరికా అధ్యక్షుడు కాంగ్రెస్‌లో మెజారిటీ పోయినా పదవిలోనే ఉంటాడు. కాంగ్రెస్ ఆయన్ని తొలగించాలంటే అభిశంసన ఒక్కటే దారి. దానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అలా పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఇంతవరకూ లేడు. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో గట్టెక్కాడు.

8. వాడని అధికారం
పార్లమెంటు ఆమోదించిన బిల్లును తిరస్కరించే అధికారం బ్రిటన్ రాజుకు ఉంది. చివరిసారి దాన్ని వాడింది 1708లో, ఆన్ రాణి.

9. పదవీ విరమణ ఉన్న రాజు
భూటాన్‌లో ప్రజాస్వామ్యానికి చొరవ చూపింది రాజే. 2008 నాటి రాజ్యాంగం ప్రకారం 65 ఏళ్లు నిండగానే రాజు సింహాసనం వదలాలి. రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే, పార్లమెంటులో నాలుగింట మూడొంతుల మద్దతుతో, ఆపై ప్రజల ఓటుతో ఆయన్ని దించవచ్చు.

10. మండలి రాకపోకలు
ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1958లో పుట్టి, 1985లో రద్దయి, 2007లో మళ్లీ వచ్చింది. 2020లో రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది, 2021లో తానే వెనక్కి తీసుకుంది. సభ ఎన్ని తీర్మానాలు చేసినా మండలిని ఉంచాలన్నా, తీసేయాలన్నా 169వ అధికరణం ప్రకారం చట్టం చేయాల్సింది పార్లమెంటే. దేశంలో ఇప్పుడు మండలి ఉన్నవి ఆరే రాష్ట్రాలు. అందులో రెండు తెలుగువారివే.

11. మీ ఊళ్లోనే రెండు పద్ధతులు
సర్పంచ్‌ను ఊరి ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. మండల పరిషత్ అధ్యక్షుణ్ని మాత్రం గెలిచిన ఎంపీటీసీలు ఎన్నుకుంటారు. జిల్లా పరిషత్ ఛైర్మన్‌ను జడ్పీటీసీలు ఎన్నుకుంటారు. మొదటిది అధ్యక్ష ఎన్నికను పోలిన పద్ధతి, తక్కినవి ప్రధానిని ఎన్నుకునే పద్ధతికి దగ్గర.

ఈసారి ఏ దేశం గురించి చదివినా, పాలకుణ్ని ఏమని పిలుస్తారో అడగకండి. ఆయన్ని దించే దారి ఉందా, అది ఎవరి చేతిలో ఉందో అడగండి. అధికారం నిజంగా ఉండేది అక్కడే.